చుక్క పెట్టని మర

తన మతి సరిగా లేదన్న సంగతి పానాలక్క తనే కనిపెట్టింది. ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే వాళ్ళను ఏడు తరాల దాకా కడిగిపారేసేది. తనే కనిపెట్టింది గనుక నమ్మక తప్పలేదు. ఎనిమిది నెలలు తనను తనే కాపలా కాసి, రుజువులన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని, చివరికి ఈ నెలాఖరుతో మోటార్ల షెడ్డు మరిదికి అప్పగించేస్తానని ఇంట్లో అందరి ముందూ మాట ఇచ్చేసింది. నెలాఖరుకు మూడు రోజులుంది. చేతిలో మిగిలిన పని ఒక్కటే, రేవు దాటించే లాంచీ మోటారు. అది బాగుచేసి ఇచ్చేస్తే ఇరవై ఏడేళ్ళ పనికి ఇక సెలవు.

ఆమెకు అసలు పేరొకటి ఉంది. అది ఓటర్ల జాబితాలో తప్ప ఎక్కడా వినపడదు. ఇరవయ్యొకటో ఏట వచ్చినప్పుడు మేస్త్రిగారి పెద్దకోడలు. తర్వాత్తర్వాత ఎప్పుడు చూసినా చేతిలో బోల్టులు తిప్పే పానా ఉండడంతో పానాలక్క అయి కూర్చుంది.

మామగారు పెద్దమేస్త్రి. పడవ మోటారు చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేసేవాడు. అంతటి మేస్త్రికి ఇద్దరు కొడుకులు, ఇద్దరికీ పానా అంటే పామే. పెద్దవాడు, అంటే ఈమె మొగుడు, ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తా. చొక్కా మీద గ్రీజు మరక పడితే ఆ పూట తిండి సయించని మనిషి. చిన్నవాడు బజారులో విడిభాగాల కొట్టు పెట్టుకున్నాడు. మోటారు ముక్కలు అమ్ముతాడు గాని, అవి మోటారులో ఎక్కడ కూర్చుంటాయని అడిగితే ఆకాశం వంక చూస్తాడు.

కొత్తకోడలు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చేది. మామగారు తినేదాకా ఊరికే కూర్చోవడం చేతకాక బోల్టులు కడిగేది, దీపం పట్టేది. ఒకరోజు నీళ్ళ పీపాలో మోటారు తిరుగుతుంటే, లోపల ఏదో పళ్ళు కొరుకుతోంది మామయ్యా అంది. విప్పి చూస్తే గేరుకు పన్నొకటి విరిగి ఉంది. పెద్దమేస్త్రి చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆమెను ఎగాదిగా చూశాడు. మర్నాటి నుంచి క్యారేజీ మోసే పని పెద్దకొడుకు మీద పడింది. ఆడమనిషి మోటారు విప్పడమేమిటని రేవంతా నవ్వింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు, పండింది. అయిదారేళ్ళు తిరిగేసరికి నవ్వినవాళ్ళే మోటార్లు భుజాన వేసుకొచ్చి ఆమె ముందు వరసలో నిలబడ్డారు.

షెడ్డంటే పెద్ద షెడ్డేమీ కాదు. రేవు వాలు మీద రేకుల కప్పు, మూడు గోడలు, నాలుగోవైపు రెండు తలుపులు. మోటార్లు తగిలించడానికి దుంగలతో చేసిన గుర్రాలు నాలుగు. మోటారు నడిపి చూసే నీళ్ళ పీపా ఒకటి. ఒక గోడకు చెక్క పలక, దాని మీద ఏ పానా ఎక్కడ వేలాడాలో తెల్లరంగుతో గీసిన గీతలు. ఆ గీతలు పెద్దమేస్త్రి గీసినవి. పన్నెండో నంబరు గీతలో పదమూడో నంబరు కనపడితే పూర్వం ఆ షెడ్డులో ప్రళయం వచ్చేది.

ఆ షెడ్డుకో కట్టుబాటుంది. అది కూడా ఆయన పెట్టిందే. బోల్టు కూర్చునే రంధ్రంలో మెలికలు తిరిగి ఉండే మర చాలా సున్నితం. పడవ మోటారు ఒళ్ళంతా అల్యూమినియం, బోల్టు ఉక్కు. ఉప్పునీళ్ళలో ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. విప్పేటప్పుడు తొందరపడ్డా, బిగించేటప్పుడు బలం చూపించినా మర తెగి పొడిపొడిగా చేతికొస్తుంది. అప్పుడు రంధ్రం కాస్త పెద్దది చేసి, కొత్త మర కోసి, అందులో స్ప్రింగులాంటి ఉక్కు కాయిలు ఎక్కించి బాగుచేస్తారు. అలా చేసినవాళ్ళు ఎవరైనా సరే, ఆ రంధ్రం పక్కన పంచుతో ఒక చుక్క కొట్టాలి. మళ్ళీ విప్పేవాళ్ళకు అది గుర్తు, ఇక్కడ గాయముంది, మెల్లగా అని. మోటారు సొంతదారుకు కూడా చెప్పాలి. మర చెడగొట్టడం తప్పు కాదు, చెడగొట్టి ఊరుకోవడం తప్పు అని పెద్దమేస్త్రి మాట. పానాలక్క ఇన్నేళ్ళలో పదిహేడు చుక్కలు కొట్టింది, ఏ చుక్క ఏ మోటారు మీదుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. అంటే, ఎనిమిది నెలల కిందటి దాకా చెప్పగలిగేది.

నాలుగేళ్ళ కిందట పెద్దమేస్త్రి కళ్ళు మసకేశాయి. ఒక కంటికి ఆపరేషన్ చేయించినా చూపు సరిగా రాలేదు. తన వేళ్ళు తనకే పొగలో ఉన్నట్టు కనపడేవట. పని మానేసి షెడ్డులోనే ఒక చేతుల కుర్చీలో కూర్చునేవాడు. పొద్దున ఆరింటికల్లా కర్ర తాటించుకుంటూ వెళ్ళి తన దగ్గరున్న తాళంచెవితో తలుపులు తీసి, తోచినంత ఊడ్చి, రేడియో పెట్టుకునేవాడు. కోడలు ఇంటిపని ముగించుకుని తొమ్మిదింటికి వచ్చేది.

ఎనిమిది నెలల కిందట మొదలైంది ఈ గొడవ. సాయంత్రం ఒక కార్బురేటరును ముక్కలుముక్కలుగా విప్పి, కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి ఇంటికెళ్ళింది. పొద్దున వచ్చి చూస్తే అది బిగించి ఉంది, చక్కగా, ఒక్క స్క్రూ మిగలకుండా. ఎవరు చేశారు? మామగారిని అడిగితే, నువ్వే చేసి ఉంటావమ్మా అన్నాడు. ఎంత ఆలోచించినా చేసినట్టు గుర్తు రాలేదు. చేయలేదన్నట్టూ గట్టిగా గుర్తు లేదు. అదీ చిక్కు. ఒక పనిని వెయ్యిసార్లు చేసిన చేతికి వెయ్యిన్నొకటోసారి చేసిందీ లేనిదీ ఎలా తెలుస్తుంది?

తర్వాత ఒక మోటారు నూనె బిరడా విప్పితే కింద ఒకటి కాదు, రెండు వాషర్లున్నాయి. కొత్తగా చేరినవాళ్ళు కూడా చేయని పొరపాటు. పదమూడో నంబరు పానా పన్నెండో నంబరు గీతలో వేలాడింది. నూరు శాతం విప్పి ఉంచానన్న నట్టు బిగించి ఉంది. మొగుడితో చెబితే మొదట నవ్వాడు, నీకు వయసొచ్చిందోయ్ అని. నాలుగోసారి చెప్పినప్పుడు నవ్వలేదు. వంటింట్లో ఆమె పొయ్యి ఆర్పి వచ్చాక, మంచినీళ్ళ వంక పెట్టుకుని లోపలికెళ్ళి చూసి వచ్చేవాడు. ఆమెకు ఆ సంగతి తెలుసు, తెలిసి కుమిలిపోయేది.

డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన ప్రశ్నలు వేశాడు, వందలోంచి ఏడు చొప్పున తీసివేయమన్నాడు, బాగానే ఉంది, నిద్ర సరిపోవట్లేదేమో అన్నాడు. బలం మాత్రలు రాశాడు. మాత్రలు వేసుకున్నా వాషర్లు రెండేసి పడుతూనే ఉన్నాయి. నోటుబుక్కు మొదలుపెట్టింది అప్పుడే. చేసిన ప్రతి పనీ ఇంటికెళ్ళే ముందు రాసుకునేది. పొద్దున చూస్తే బుక్కులో ఒకటి, బల్ల మీద ఒకటి. అప్పటికి ఆమె బల్లను అనుమానించలేదు, బుక్కును కూడా అనుమానించలేదు, తన తలనే అనుమానించింది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు పెద్దలు.

అలాంటి స్థితిలో వచ్చింది లాంచీ మోటారు.

మూడేళ్ళ కిందట కొత్తగా కొన్న మోటారు అది. మొదటి రోజు నుంచీ పానాలక్క తప్ప ఎవరూ ముట్టుకోలేదు. రెండు నెలల కిందటే, నీళ్ళు లోపలికి దూరకుండా ఆపే వెనక సీలు మార్చి ఇచ్చింది. ఇప్పుడు గేరు వేస్తుంటే ఏడుపు చప్పుడు వస్తోందని లాంచీ నడిపే సరంగు తీసుకొచ్చాడు. నీళ్ళలో మునిగి ఉండే గేరు పెట్టె అడుగున బిరడా విప్పితే తేనెలా రావలసిన నూనె మజ్జిగలా వచ్చింది. లోపలికి నీళ్ళు దూరాయి. మూత ఎక్కడో సరిగా ఆనలేదన్నమాట. నీళ్ళను వెనక్కి తోసే పంకా తీసి పక్కన పెట్టింది. దాని వెనక గుండ్రటి మూత, ఆ మూతను పట్టి ఉంచే బోల్టులు రెండు, పైదొకటి, కిందిదొకటి.

పై బోల్టు మర్యాదగా విప్పుకుంది. కిందిది తిరిగింది. తిరుగుతూనే ఉంది. బయటికి రాదు, లోపలికి పోదు, బిగియదు. పానా మీద ఆమె అరచేతికి ఆ తిరుగుడు తెలిసింది. లోపల మర పోయింది.

తల కింద సన్నని ఉలి దూర్చి, పైకి లాగుతూ మెల్లగా తిప్పి, గంటసేపు బతిమాలితే బయటికొచ్చింది. బోల్టొక్కటే రాలేదు. దాని చుట్టూ ఉక్కు కాయిలు చుట్టుకుని వచ్చింది.

కాయిలు చూసి ఆమె నేల మీద చతికిలబడింది. అంటే ఈ మర ఇంతకు ముందే ఒకసారి పోయింది. ఎవరో బాగుచేశారు. వేలితో రంధ్రం చుట్టూ తడిమింది, గుడ్డతో తుడిచి చూసింది, కళ్ళద్దాలు మార్చి చూసింది. చుక్క లేదు.

నోటుబుక్కు తీసింది. రెండు నెలల కిందటి పేజీలో తన అక్షరాలే ఉన్నాయి, లాంచీకి సీలు మార్చాను, రెండు బోల్టులూ బిగించాను, నూనె రేపు పొయ్యాలి అని. కాయిలు మాట లేదు. మరి కాయిలు ఎలా వచ్చింది? ఈ మోటారు ముట్టింది తనొక్కతే. కాబట్టి మర చెడగొట్టింది తనే, కాయిలు ఎక్కించింది తనే. చుక్క కొట్టలేదు, బుక్కులో రాయలేదు, సరంగుకు చెప్పలేదు. ఇన్నాళ్ళూ మరిచిపోవడమే అనుకుంది, ఇప్పుడు దొంగతనం కూడా తోడైంది. తనకు తెలియకుండా తనలో ఇంకొకతె ఉండి ఇవన్నీ చేస్తోందా అనిపించింది.

రంధ్రం శుభ్రం చేస్తుంటే అడుగున తెల్లగా ఏదో అంటుకుని వచ్చింది. వేళ్ళ మధ్య నలిపింది. మైనం. మర కోసే పనిముట్టు, ట్యాపు, రంధ్రంలో పట్టేయకుండా పూర్వం మామగారు కొవ్వొత్తి రుద్దేవాడు. ఆమె మాత్రం మొదటి నుంచీ కిరసనాయిలే వాడుతుంది. మైనం చూసి ఒక్క క్షణం కుర్చీ వైపు తిరిగింది. పెద్దమేస్త్రి రేడియో చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగేళ్ళుగా పానా ముట్టని మనిషి, ఎదుట ఎవరు నిలబడ్డారో గొంతు వింటే గాని తెలియని మనిషి. ఛీ, ఏమిటీ ఆలోచన అనుకుంది. సొరుగులో కొవ్వొత్తి ఉండనే ఉంది, కరెంటు పోతే వెలిగించేది. తనే రుద్ది ఉంటుంది. కిరసనాయిలు వాడుతుందన్న సంగతే మరిచిపోయి ఉంటుంది. మతి మీద నమ్మకం పోయినవాళ్ళకు కళ్ళెదుట సాక్ష్యం కూడా తమకే ఎదురు తిరుగుతుంది.

మధ్యాహ్నం సరంగు వస్తే నిలబెట్టి చెప్పేసింది. మర చెడగొట్టింది నేనే, నీకు చెప్పకుండా పంపించిందీ నేనే, నా తల సరిగా ఉండట్లేదు, ఈ ఒక్కటీ గట్టిగా బాగుచేసి ఇచ్చి మానేస్తున్నాను అంది. మూడేళ్ళు ఆమె బిగించిన మోటారును నమ్మి యాభైమందిని అటూ ఇటూ దాటించిన మనిషి. పోనీలే అక్కా, మనుషులమే కదా అన్నాడు. అని, ఆమె వంక జాలిగా చూశాడు. తిట్టినా భరించేదేమో. ఆ చూపు భరించలేక మోటారు వెనక్కి వెళ్ళి, గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కుర్చీలో రేడియో చప్పుడు ఒక్కసారి తగ్గి, మళ్ళీ పెరిగింది.

కాయిలు ఊడిన రంధ్రంలో మళ్ళీ కాయిలు నిలవదు. గోడ పలచబడింది. ఇంకా పెద్దగా తొలిచి, బయటా లోపలా మర ఉన్న ఉక్కు బుష్ ఒకటి శాశ్వతంగా కూర్చోబెట్టాలి. మర్నాడు పొద్దున్నే ఇనుము తరిగే లేతు పట్టేవాడి దగ్గర కొలత చెప్పి బుష్ చేయించుకుని వచ్చింది. లేతువాడు కొలత రెండుసార్లు అడిగాడు. మామూలుగా అయితే ఒకసారి చెప్పి వచ్చేసేది. ఆ రోజు కాగితం మీద రాయించి, మళ్ళీ చదివించుకుని, దారిలో ఇంకోసారి విప్పి చూసుకుంది.

గేరు పెట్టెను దిమ్మ మీద పట్టు వేసి బిగించింది. చేతి డ్రిల్లుకు పెద్ద మొన తొడిగింది. రంధ్రం నోట్లో మొన ఆనించి, ఊపిరి బిగపట్టి, పిడి తిప్పబోయింది. ఇదీ చెడితే పెట్టె మొత్తం పారేయవలసిందే, బాగుచేయడానికి ఇంక లోహం మిగలదు.

"అమ్మాయ్, పాత రంధ్రాన్ని నమ్ముకోకు" అన్నాడు కుర్చీలోంచి పెద్దమేస్త్రి. "అది బయటి గోడవైపు వాలి ఉంది. మొన ఆ దారి పట్టిందంటే గోడకు చిల్లు పడుతుంది. చెక్కముక్క ఆనించుకుని నిటారుగా పోనీ."

ఇరవై ఏడేళ్ళ అలవాటు. ఆయన చెప్పగానే చెయ్యి దానంతటదే చెక్కముక్క అందుకుంది, మొన సరిచేసింది, రెండు చుట్లు తిప్పింది కూడా. అప్పుడు ఆగింది. మొన తీసి, దీపం దగ్గరగా పట్టుకుని రంధ్రంలోకి చూసింది. నిజమే, వాలి ఉంది. వెంట్రుకవాసి. తనకు కళ్ళద్దాలు పెట్టుకుని దీపం వేసుకుంటే గాని కనపడలేదు. ఏ బోల్టో కూడా తను ఆయనకు చెప్పలేదు.

డ్రిల్లు బల్ల మీద పెట్టి కుర్చీ ముందుకొచ్చి నిలబడింది.

"మీకెలా తెలుసు మామయ్యా?"

ఆయన రేడియో ఆపాడు. తర్వాత, తడిమి చూశాను అన్నాడు. ఎప్పుడు అంటే, అప్పుడే అన్నాడు. ఆ పైన ఒక్కొక్క మాటా పళ్ళ మధ్య ఇరుక్కున్న పీచులా లాగితే గాని రాలేదు. రెండు నెలల కిందట ఆమె సీలు మార్చి వెళ్ళిన మర్నాటి పొద్దున, పూర్వపు అలవాటు కొద్దీ ఆమె బిగించిన బోల్టుల మీద ఆయన పానా వేశాడు. పైది గట్టిగానే ఉంది. కిందిది ఇంకో పావు చుట్టు పడుతుందేమో అనిపించింది. పావు చుట్టు తిప్పాడు, మర తెగింది. ఆమె రావడానికి ఇంకా రెండున్నర గంటలుంది. కనపడని కళ్ళతో, వేళ్ళతో తడుముకుంటూ తొలిచి, కొవ్వొత్తి రుద్దుకుని మర కోసి, కాయిలు ఎక్కించి, ఊడ్చి, తొమ్మిదింటికి కుర్చీలో కూర్చున్నాడు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ తన పనితనం ఊరుకోనివ్వక తనే పట్టుబడ్డాడు.

కార్బురేటరు అని అడిగింది ఆమె. నేనే అన్నాడు. రెండు వాషర్లు? పాతది తీశావో లేదో తెలియక ఇంకోటి వేశానమ్మా. పదమూడో నంబరు పానా? గీతలు కనపడలేదు. ఆ ఎనిమిది నెలల సంగతులన్నీ ఆమె నోటికి చెప్పుకుపోయింది, ఒక్కటీ మరిచిపోకుండా, వరస తప్పకుండా. ప్రతిదానికీ ఆయన నేనే అన్నాడు. రెండింటికి మాత్రం, అది నాకు తెలియదు, నువ్వే అయి ఉంటావు అన్నాడు. ఆ రెండూ అందరూ మరిచిపోయేలాంటివే.

నా తల బాగానే ఉంది అనుకుంది పానాలక్క. సంతోషమే, సందేహం లేదు, రొమ్ము మీంచి రోలు దించినట్టుంది. కాని ఆ సంతోషం పూర్తిగా పైకి రాకముందే దాన్ని తోసుకుని ఇంకోటి వచ్చింది.

"డాక్టరు దగ్గరికి మీరూ వచ్చారు కదా."

"వచ్చాను."

"నేను లోపల వందలోంచి ఏడు తీసివేస్తుంటే బయట బల్ల మీద కూర్చున్నారు."

"కూర్చున్నానమ్మా."

"నిన్న సరంగు ముందు నేను నా నోటితో చెప్పుకుంటే విన్నారు. ఒక్క మాట చెబితే పోయేది కదా మామయ్యా."

ముసలాయన చేతులు కుర్చీ చేతుల మీద అటూ ఇటూ కదిలాయి. మొదట్లో వేళాకోళంగా తోచిందనీ, రేపు చెబుదాంలే అనుకున్నాననీ, రేపు రేపంటూ డాక్టరు దాకా వెళ్ళాక ఇంక నోరు పెగలలేదనీ చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు మాట అన్నాడు.

"చెబితే తాళంచెవి లాగేసుకుంటారు. రోజంతట్లో నాకు మిగిలింది పొద్దున ఆ మూడు గంటలే. నీకింకా వయసుంది, తట్టుకుంటావనుకున్నాను."

"తట్టుకోలేదు మామయ్యా" అంది ఆమె.

అరవాలనుకుంది, అరుపు రాలేదు. జాలి పడదామనుకుంది, అదీ రాలేదు. తండ్రిలాంటివాడని ఇన్నేళ్ళూ అనుకున్న మనిషి, తనకు పని నేర్పిన మనిషి, తన బుర్ర కరిగిపోతోందని తను ఏడుస్తుంటే పక్కనే కూర్చుని రేడియో చప్పుడు పెంచాడు. పైగా తను బిగించిన బోల్టు చాలదనుకున్నాడు. ఆ చివరిదానికెందుకు అంత కోపం వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు, కాని అన్నింటికంటే దానికే ఎక్కువ వచ్చింది.

మళ్ళీ దిమ్మ దగ్గరికి వెళ్ళింది. చెక్కముక్క ఆనించుకుని నిటారుగా తొలిచింది. కిరసనాయిలు పోసి మర కోసింది, సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. బుష్‌కు జిగురు రాసి దించింది. బోల్టు వేసి చూస్తే నిటారుగా, మెత్తగా, చివరిదాకా వెళ్ళి ఆగింది. ఎంత బిగించాలో అంతే బిగించి పానా తీసేసింది. పంచు ఇటివ్వమ్మా, చుక్క నేను కొడతాను అన్నాడు ముసలాయన. కళ్ళు కనపడని మనిషికి పంచిస్తే చుక్క ఎక్కడ పడుతుందో ఎవరికి తెలుసు, ఇవ్వలేదు. తనే కొట్టింది. అది తన పద్దెనిమిదో చుక్కో, ఆయన లెక్కలోదో తేలలేదు.

సాయంత్రం ఇంట్లో మరిది కూడా ఉన్నాడు. షెడ్డు కొలుచుకుందామని టేపు పట్టుకొచ్చాడు. పానాలక్క మంచినీళ్ళిచ్చి, మామయ్య మీకో మాట చెబుతారు అని గోడకానుకుని నిలబడింది. ఆయన బదులు తను ఒక్క ముక్క కూడా చెప్పకూడదని దారిలోనే నిర్ణయించుకుంది. పెద్దమేస్త్రి గొంతు సవరించుకున్నాడు. మోటారు సంగతి మొదలుపెట్టి, సీళ్ళ సంగతిలోకి పోయి, ఉప్పునీళ్ళ గుణం గురించి రెండు ముక్కలు చెప్పి, ఇంక పోవడానికి చోటు లేక ఆగాడు.

"అమ్మాయి మతికేమీ కాలేదురా" అన్నాడు చివరికి. "అవన్నీ చేసింది నేను."

మరిది టేపు మెల్లగా చుట్టి జేబులో పెట్టుకున్నాడు. షెడ్డు నాకెందుకులే వదినా, నువ్వే ఉంచుకో అన్నాడు, తనే దానమిస్తున్నట్టు. మొగుడు మొదట ఫక్కున నవ్వాడు, ఎనిమిది నెలల బరువు దిగిన నవ్వు. ఆ నవ్వు మధ్యలోనే ఏం గుర్తొచ్చిందో, భార్య వంక చూడలేక తల దించుకున్నాడు. పొయ్యి చూసి రావడానికి వంటింట్లో తాగిన మంచినీళ్ళన్నీ గుర్తొచ్చి ఉంటాయి. తండ్రినేమీ అనలేదు. అనడానికి ఆయన మిగల్చలేదు, తాళంచెవి తనే తీసి బల్ల మీద పెట్టాడు.

పోనీలెండి మామయ్యా, మీ దగ్గరే ఉంచుకోండి అని కోడలు అంటుందని ముగ్గురు మగవాళ్ళూ ఎదురుచూశారు. ఆమె తాళంచెవి తీసి కొంగున ముడివేసుకుంది.

మర్నాడు మామా కోడళ్ళిద్దరూ తొమ్మిదింటికి కలిసే బయల్దేరారు. ఆమె చెయ్యి పట్టుకుని నడిచాడు. సరంగు మోటారు తీసుకెళ్ళడానికొస్తే, ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి, చెడగొట్టింది నేనయ్యా అని చెప్పాడు. సరంగు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇంటి పరువు కోసం ముసలాయన అబద్ధమాడుతున్నాడనుకున్నాడో ఏమో, సరేలే మేస్త్రిగారూ అని, మొన్నటి జాలి చూపే ఆమె వైపు ఇంకోసారి చూసి, మోటారు భుజానికెత్తుకున్నాడు. ఎంతమంది దగ్గర ఎన్నిసార్లు చెబితే ఆ చూపు పోతుందో ఆమెకు తెలియలేదు.

మిగతా రోజంతా పని నడిచింది. ఆమె ఒక వాషరు వేసింది, ఒకటే వేసింది, వేశాక బిరడా మళ్ళీ విప్పి ఒకటే ఉందని చూసుకుంది. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. రేడియో పెట్టలేదు.

సాయంత్రం తలుపులు మూసి, తాళం వేసి, మామగారి చెయ్యి పట్టుకుని రేవు మెట్లు ఎక్కించింది. సందు మలుపు దాకా వచ్చాక ఆమె అడుగు ఆగిపోయింది. తాళం వేసిందా? వేసింది. వేసినట్టు గుర్తుంది. గుర్తుండడమంటే ఏమిటో మాత్రం ఇప్పుడు సరిగా తెలియడం లేదు.

ఎందుకాగిందో ముసలాయనకు చెప్పనక్కర్లేకపోయింది.

"వేశావమ్మా, నేను విన్నాను" అన్నాడు.

"తెలుసు" అంది ఆమె. ఆయనను గోడ పక్కన నిలబెట్టి, వెనక్కి వెళ్ళి తాళం లాగి చూసుకుని వచ్చింది.